అచాలి అని సంతకం

ఆ మనిషి బూట్లకంటిన ఎర్రబురదను గుమ్మం దగ్గర తీరిగ్గా తుడిచి, గొడుగు మడిచి గోడకు ఆనించి, అప్పుడు లోపలికి వచ్చాడు. ఆ మర్యాద న్యకైసికికి నచ్చలేదు. అరిచేవాళ్ళు ఆ ఆఫీసుకు కొత్త కాదు. రోడ్డు గుంతల గురించి రాస్తే కాంట్రాక్టరు వచ్చి అరిచాడు. బడిలో మరుగుదొడ్లు లేవని రాస్తే హెడ్మాస్టరు వచ్చి బల్ల గుద్దాడు. అరిచినవాడు అరిచి పోతాడు, ఆ తర్వాత టీ తాగి పని చూసుకోవచ్చు. ఈయన అరవడానికి వచ్చినవాడిలా లేడు.

"నీ ఎంపాకో ఏంటమ్మా?" అని అడిగాడు.

"అబ్వోలి."

"కులాసానా అబ్వోలీ? నేను అమోటి." రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. మూల కంప్యూటరు ముందున్న రుసోకే వైపు తిరిగాడు. "నువ్వు తమ్ముడూ?"

"అరాలి," అన్నాడు రుసోకే, కుర్చీలోంచి సగం లేచి.

"బాగున్నావా అరాలీ?"

అడిగితే చెప్పక తప్పదు. కంపాలాకు పడమట మా టోరో సీమలో పుట్టిన ప్రతివాడికీ సొంత పేరు కాక ఒక ఎంపాకో ఉంటుంది. ముద్దుకూ అదే, మర్యాదకూ అదే. దేశమంతటికీ కలిపి ఆ పేర్లు ఒక డజను. బిడ్డ పుట్టిన నాలుగు రోజులకు పెద్దలు కూర్చుని అందులోంచి ఒకటి తీసి పెడతారు. మనిషిని పలకరించాలంటే అది తెలియాలి, తెలియకపోతే అడగాలి. అడిగినవాడు పగవాడైనా సరే, చెప్పకపోతే పెంచినవాళ్ళకు తలవంపులు.

వచ్చినాయన పేరు బగొంజా. న్యకిటోజో సరస్సు ఒడ్డున కొత్తగా లేచిన హోటలుకు కాపలావాళ్ళ మీద పెద్ద. ఆ సంగతి ఆయన చెప్పకముందే న్యకైసికికి తెలిసిపోయింది. మూడు వారాలుగా ఆమె ఎదురు చూస్తున్నది ఈయన కోసమే.

ఫోర్ట్ పోర్టల్ పట్నంలో ఇనుపసామాన్ల దుకాణం మీది గదిలో ఉండేది వాళ్ళ ఆఫీసు. వెబ్‌సైటు పేరు 'అమకూరు గైతు', అంటే మన కబుర్లు. నడిపేది ఐదుగురు, ఎవరికీ ఇరవై ఏడు దాటలేదు. సగం వార్తలు వాళ్ళే రాస్తారు. మిగతా సగం జనానిది: పల్లెల్లో ఫోనున్న ఎవరైనా రాసి పంపవచ్చు, న్యకైసికి తప్పులు దిద్ది, నిజమో కాదో విచారించి, పైకి ఎక్కిస్తుంది. టీ కోసే ఆడవాళ్ళు రాశారు, బోడా అనే కిరాయి మోటార్‌సైకిళ్ళు నడిపే కుర్రాళ్ళు రాశారు, ఒక ముసలి క్షురకుడు పదకొండు రాశాడు.

వీటికి ఒక నియమం పెట్టింది న్యకైసికి. రాతకైనా, కింద చదివినవాళ్ళు పెట్టే వ్యాఖ్యకైనా సంతకం ఎంపాకో ఒక్కటే. ఇంటిపేరు వద్దు, ఊరు వద్దు, ఫోటో వద్దు. అసలు పేర్లు ఆమె బుర్రలో తప్ప కాగితం మీద గానీ కంప్యూటర్లో గానీ లేవు. "డజను పేర్లు, లక్షల జనం. వెతుక్కోమను!" అని ఆ నియమం పెట్టిన రోజు చంకలు గుద్దుకుంది. రుసోకే కూడా ఆమెను రాణిగారూ అని పిలుస్తూ వారం రోజులు పొగిడాడు.

మూడు వారాల కిందట వచ్చిన రాతకు 'అచాలి' అని సంతకం. హోటలువాళ్ళు సరస్సు చుట్టూ కంచె వేశాక కూడా వల తీసుకుని లోపలికి వెళ్ళిన కిసెంబో అనే జాలరి గురించి అది. తాగి నీళ్ళలో పడ్డాడని హోటలువాళ్ళన్నారు, ఊరు కూడా సరేనని పూడ్చింది. అచాలి ఆ పొద్దున జమ్ములో నీళ్ళు ముంచుకుంటూ చూసింది వేరు. ఇద్దరు కాపలావాళ్ళు అతన్ని పడవలో నడిమధ్యకు తీసుకెళ్ళారు, తోశారు, పైకి తేలినప్పుడల్లా తెడ్డుతో అదిమారు. ఎన్నిసార్లు తేలాడో కూడా రాసింది. నలభై వేల మంది చదివారు. రేడియోలో చదివి వినిపించారు. చూసిన మనిషి ముందుకు వస్తే కేసు మళ్ళీ తెరుస్తామని పోలీసులన్నారు. అంటే ఆ మనిషి ఉంటే కేసుంది, లేకపోతే లేదు. ఇది పోలీసులకెంత తెలుసో బగొంజాకూ అంతే తెలుసు.

"మంచి రాత అమ్మా అది," అన్నాడాయన కుర్చీలో సర్దుకుంటూ. "మా ఇంట్లోది చదివి ఏడ్చింది. ఎవరా పిల్ల?"

"పిల్లో పిల్లాడో కూడా మేం చెప్పం, అమోటీ. అందరి విషయంలోనూ అంతే."

"చెప్పొద్దు, చెప్పొద్దు. నీ వృత్తి ధర్మం నీది. నేనూ అందుకు రాలేదు." ఆయన నవ్వాడు. "ఊరికే చెబుతున్నా. అబ్వోలి అంటే వీధికి పదిమంది. అచాలి అంటే మన వైపు అంత ఎక్కువ లేరు చూడూ. మా కుర్రాళ్ళను సరస్సుకు ఇటు పక్క ఊళ్ళో ఇంటింటికీ పంపా. ఏం లేదు, పలకరించి రమ్మన్నా. ఎవరి ఎంపాకో ఏంటో కనుక్కుని, కులాసా అడిగి రమ్మన్నా. పాపం అందరూ బాగా మాట్లాడారట. ముగ్గురు తేలారు. ఒకరు చంటిబిడ్డ. ఒకాయనకు కళ్ళు లేవు. ఇంకొకావిడ రెండేళ్ళుగా కంపాలాలో ఉంది."

న్యకైసికి రుసోకే వైపు చూడకుండా ఉండటానికి బల్ల మీది పెన్ను మూతను చూస్తూ కూర్చుంది.

"అటు పక్క ఇంకా చూడలేదు," అన్నాడు బగొంజా లేస్తూ. "శనివారం అటు పక్క చర్చి హాల్లో మీ మీటింగుందిగా? రాసేవాళ్ళు, రాయాలనుకునేవాళ్ళు అందరూ వస్తారటగా? నేనూ వస్తా. నా కుర్రాళ్ళకు తిరుగుడు తప్పుతుంది." గుమ్మం దగ్గర ఆగి గొడుగు తీసుకున్నాడు. "ఉంటా అబ్వోలీ. ఉంటా అరాలీ."

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"సంతకం తీసేస్తున్నా," అన్నాడు రుసోకే, కీబోర్డు మీదికి వంగి.

"తీసి ఏం లాభం రా? జనం ఫోటోలు తీసి పంచుకున్నారు. రేడియోలో పేరు చదివారు."

"అయితే మీటింగు మానేద్దాం."

"ఆదివారం చర్చిలో ప్రకటన చదివించాం. మానేస్తే అచాలి ఆ పక్కవాళ్ళలోనే ఉందని మనమే చెప్పినట్టు."

"నీ డజను పేర్లు తగలెయ్య రాణిగారూ," అన్నాడు రుసోకే. ఈసారి నవ్వలేదు. న్యకైసికికి కోపం రాలేదు, సిగ్గేసింది. దాక్కోవడానికి తను కట్టించిన గోడకు తలుపు ఎటుందో ఊళ్ళో అందరికీ తెలుసన్న సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం నుంచి ఫోనుకు సందేశాలు రావడం మొదలైంది. తెలియని నంబర్లు. 'ఎలా ఉన్నావు అబ్వోలీ?' అంతే. బెదిరింపు లేదు, తిట్టు లేదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, ఎప్పుడూ అదే పలకరింపు. పోలీసులకు చూపిస్తే వాళ్ళు నవ్వుతారు: ఎవరో కులాసా అడిగారని ఫిర్యాదా?

గురువారం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఉండేది అక్కడికి ముప్ఫై మైళ్ళ దూరంలో. "నీ స్నేహితుడెవరో వచ్చి పోయాడే. ఎంత మర్యాదస్తుడో! మీ నాన్న ఎంపాకో, నాది, నీ చెల్లెలిది, పనివాడిది, అందరివీ అడిగి పేరుపేరునా పలకరించాడు. గెలెడు అరటికాయలు ఇచ్చి పోయాడు. పెళ్ళైనవాడా ఏంటి?"

"అమ్మా, అవి వండొద్దు," అంది న్యకైసికి.

"నిన్ననే వండాం. బాగున్నాయి. ఏం?"

ఏమీ లేదని ఫోను పెట్టేసి, స్నానాల గదిలోకి పోయి తలుపు గడియ వేసుకుని కూర్చుంది.

అచాలి అసలు పేరు కబసోమి స్కోవియా. పంతొమ్మిదేళ్ళు. బడి అయిపోయాక సరస్సుకు అటు పక్క, పుట్టిన ఊళ్ళోనే పిన్ని ఇంట్లో ఉంటూ చిక్కుళ్ళు పండిస్తోంది. న్యకైసికి ఆమెను ఒక్కసారే చూసింది, రాతను విచారించడానికి వెళ్ళినప్పుడు. ఆ పిల్ల చూసింది చూసినట్టు చెప్పి, ఏడవకుండా, ఉడికించిన చిక్కుళ్ళు పెట్టి పంపింది. ఇప్పుడు 'శనివారం రాకు, ఆయన ఉంటాడు' అని సందేశం పెడితే, జవాబు ఒక పూట ఆలస్యంగా వచ్చింది.

'చర్చి హాలు ఊడ్చేది మా పిన్నే. నేను రాకపోతే అందరూ స్కోవియా ఏదని అడుగుతారు అక్కా. వస్తా. మనిద్దరికీ పరిచయం లేనట్టు ఉందాం.'

న్యకైసికి చాలాసేపు ఆలోచించి సరేనంది. ఇద్దరూ అన్నీ మాట్లాడుకున్నారు. న్యకైసికి స్కోవియా వైపు చూడకూడదు. స్కోవియా ప్రశ్నలేమీ అడగకూడదు. పక్కన కూర్చోకూడదు, ఫోను బయటికి తీయకూడదు. జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ న్యకైసికి రెండు రాత్రులు కునుకు తీయలేదు.

శనివారం పొద్దున్నే వాన వెలిసింది. హాలు గుమ్మంలో న్యకైసికి నిలబడింది, వచ్చినవాళ్ళను లోపలికి పిలవాల్సింది ఆమే కాబట్టి. రుసోకే లోపల తెర కడుతున్నాడు. బగొంజా అందరికంటే ముందే వచ్చి, కుర్చీ వద్దని, గుమ్మానికి రెండో పక్క నిలబడ్డాడు. ఊరి ముసలాళ్ళు వస్తుంటే మెట్టు దగ్గర చెయ్యి అందించి ఎక్కిస్తున్నాడు. చూసేవాళ్ళకు ఇద్దరూ ఒక పెళ్ళింటివాళ్ళలా ఉన్నారు.

"అడ్యేరీ, కులాసానా? ఎన్నాళ్ళయింది!"

"బాగున్నా అబ్వోలీ. నా రాత ఎప్పుడేస్తావే? మేకల సంగతి?"

"వచ్చే వారం. నువ్వెలా ఉన్నావు అత్వోకీ? మీ ఎంపాకో ఏంటి పెద్దాయనా? అకీకీ? రండి అకీకీ."

ఒక్కొక్క పేరూ పలుకుతుంటే బగొంజా తల చిన్నగా ఊగుతోంది. పలకరింపులకు మురిసిపోతున్నట్టు కనిపిస్తుంది గానీ, తన నోటితోనే ఆయనకు లెక్క అప్పజెబుతున్నానని న్యకైసికికి పదో మనిషి దగ్గర అర్థమైంది. ఆపడానికి వీల్లేదు. గుమ్మంలో నిలబడి పేరు అడగకుండా ఎవరినైనా లోపలికి పంపితే మొహాన ఉమ్మినట్టే.

అప్పుడు మెట్లెక్కుతూ స్కోవియా కనబడింది. పసుపుపచ్చ స్వెట్టరు, చేతిలో నోటుపుస్తకం. పద్ధతిగా మోకాళ్ళు వంచి, తల దించి, న్యకైసికి పలకరింపు కోసం ఆగింది.

న్యకైసికి నోట్లో ఆ పేరు సిద్ధంగా ఉంది. పళ్ళ దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. పరిచయం లేనట్టే ఉండాలి కదా, అలాగని ఎంపాకో ఏంటని అడిగితే పిల్ల చెప్పాలి, చెబితే ఆయన వింటాడు. అంత జాగ్రత్తపడ్డ ఇద్దరికీ ఈ ఒక్క క్షణం తోచనే లేదు.

"రామ్మా," అంది. "లోపల కూర్చో."

అంతే అంది.

వెనకనున్న లావుపాటి పెద్దావిడ గట్టిగా నవ్వింది. "ఇదేం చోద్యమే అబ్వోలీ! ఇంతమందిని ముద్దుగా పిలిచి మా పిల్లను మాత్రం కోడిని తోలినట్టు తోలేస్తున్నావు? పట్నం గాలి తగిలి మర్యాద మరిచావా? దాని ఎంపాకో అడగవేం?"

వరుసలో నవ్వులు. పాపం ఆవిడ మనసులో ఏ పాపం లేదు. స్కోవియా ఇంకా మోకాళ్ళు వంచుకునే ఉంది. న్యకైసికి నవ్వబోయింది, మొహం సహకరించలేదు.

"మరిచిందిలే, పని ఒత్తిడి," అన్నాడు బగొంజా. మెల్లగా వంగి, రెండు చేతులూ చాచాడు. "నేనడుగుతా. నీ ఎంపాకో ఏంటమ్మా?"

అబద్ధం చెప్పడానికి లేదు. వరుసలో సగం మంది ఆమెకు ఎంపాకో పెట్టిన నాటి విందులో చిక్కుళ్ళు, రొట్టె తిన్నవాళ్ళు. ఇంకో పేరు చెబితే ఆ పెద్దావిడే ముందు నవ్వి దిద్దుతుంది. స్కోవియా ఒక్కసారి న్యకైసికి వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, అదే న్యకైసికిని జీవితాంతం తినేస్తుంది.

"అచాలి," అంది ఆ పిల్ల, స్పష్టంగా.

"కులాసానా అచాలీ?" అన్నాడు బగొంజా. చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుని వదిలాడు. జేబులోంచి ఫోను తీస్తూ మెట్లు దిగి, ఆవరణలో ఆగి ఉన్న కారు వైపు నడిచాడు. కారులో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

వరుస ముందుకు కదిలింది. న్యకైసికి స్కోవియా చెయ్యి పట్టుకుని హాలు పక్క గదిలోకి లాక్కుపోయింది, అక్కడ చర్చివాళ్ళ డప్పులు, విరిగిన బల్లలు ఉన్నాయి. రుసోకే ఏం జరిగిందని అడక్కుండానే వెంట వచ్చి తలుపు మూశాడు.

"నా వల్లే. నేనే చేశా ఇదంతా. వెనక దారుంది, బోడా పిలుస్తా, కంపాలా వెళ్ళిపో," అంటోంది న్యకైసికి. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"వెళ్తే దారిలో వాళ్ళకు దొరికిపోతా అక్కా," అంది స్కోవియా. "ఎవరికీ తెలీదుగా రాసింది నేనని. కిసెంబో తాగి పడ్డాడన్నారు. నేనూ కాలు జారి పడ్డానంటారు. అడిగేవాళ్ళుండరు. నా పేరు వెయ్యి."

"ఏం పేరు?"

"మొత్తం పేరు. ఫోటోతో. నలభై వేల మందీ చూడాలి. నేను పోతే ఎవరు పోయారో తెలియాలి."

న్యకైసికి తల అడ్డంగా ఊపింది. ఈ పేరు బయటికి రాకుండా ఉండాలనే ఆమె మూడు వారాలు అన్నం సరిగ్గా తినలేదు. దాచడం తప్ప కాపాడటం ఇంకోలా ఆమెకు రాదు. రుసోకే వైపు చూస్తే అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇంకో కారు వచ్చింది," అన్నాడు.

ఇక ఆలోచించలేదు. స్కోవియాను కిటికీ పక్కన నిలబెట్టి, వెనక ఆవరణలో కార్లూ వాటి దగ్గర ఫోను మాట్లాడుతున్న బగొంజా కూడా పడేలా ఫోటో తీసింది. కింద తనే టైపు చేసింది: ఆ రాత రాసినది కబసోమి స్కోవియా, న్యకిటోజో సరస్సు అటు పక్క ఊరు, పంతొమ్మిదేళ్ళు. కిసెంబోను ముంచడం తన కళ్ళతో చూసింది, పోలీసుల ముందు చెబుతుంది. ఈ పొద్దున హోటలు తరఫున వచ్చి ఆమె ఎంపాకో అడిగిన మనిషి వెనకాల కనిపిస్తున్నాడు. ఇంటిపేరు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టింది. కాపాడుతోందో చంపుతోందో తెలియకుండానే మీట నొక్కింది.

అటు పక్క సిగ్నలు అంతంతమాత్రం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ముగ్గురూ ఫోను చుట్టూ తలలు ఆనించి నిలబడ్డారు. హాల్లో జనం చప్పట్లు కొడుతూ మీటింగు మొదలుపెట్టమని అరుస్తున్నారు. బయట కారు తలుపు ఒకటి పడింది, తర్వాత ఇంకొకటి. కంకర మీద బూట్లు ఇటు వస్తున్నాయో లేదో ఆ అరుపుల్లో తెలియలేదు.

చక్రం ఆగింది. పైకి ఎక్కింది.

పావు నిమిషం ఏమీ లేదు. తర్వాత మొదటి వ్యాఖ్య వచ్చింది: 'ఎలా ఉన్నావు అచాలీ? - అబ్బోకి.' తర్వాత ఇంకొకటి. 'మేమున్నాం అచాలీ, భయపడకు. - అత్వోకి.' 'ఎక్కడున్నావు అచాలీ? - అడ్యేరి.' 'ఇప్పుడు ఏ గదిలో ఉన్నావమ్మా? - అకీకీ.' వస్తూనే ఉన్నాయి, చదివేలోపు ఇంకో పది. ఎవరి అసలు పేరూ లేదు, ఊరూ లేదు, ఫోటో లేదు. న్యకైసికి పెట్టిన నియమం అది.

స్కోవియా ఆమె చేతిని గట్టిగా పట్టుకుని తెర మీదికి వంగింది.

"అక్కా," అంది, "వీళ్ళలో మనవాళ్ళెవరు?"